గోదావరి ఇళ్ళలో వేణ్ణీళ్ళ లెక్క: గీజరు కొనాలా, అద్దెకు తేవాలా?

కార్తీకం దాటి మార్గశిరంలో పడగానే రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, తాడేపల్లిగూడెం ఎలక్ట్రికల్ షాపుల్లో గీజర్ల పెట్టెలు ముందువరసకు వస్తాయి. రథసప్తమి వెళ్ళగానే అవి అటకెక్కి, ఆ చోట్లోకి కూలర్లు చేరతాయి. డెల్టాలో వేణ్ణీళ్ళ అవసరం ఏడాదిలో కొంతకాలమేనని ఈ సర్దుబాటే చెబుతుంది. జనవరిలో తెల్లవారుజామున కూడా చలి సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మేడ మీద ట్యాంకులో నీళ్ళు అంతకంటే కాస్త వెచ్చగానే ఉంటాయి. ముసలివాళ్ళకు, చంటిపిల్లలకు, బాలింతలకు, కీళ్ళనొప్పుల వాళ్ళకు ఏడాది పొడుగునా వేణ్ణీళ్ళు కావాలి. మిగతా వాళ్ళకు నాలుగు నెలలు, మహా అయితే అయిదు.

ఆ నాలుగు నెలల కోసం పదివేలు పోసి గీజరు కొనాలా, నెలకింతని కట్టి వాడుకునే దారేదైనా ఉందా అనే ప్రశ్న అద్దె ఇళ్ళలో ఎక్కువగా వినిపిస్తుంది. మూడేళ్ళకోసారి బదిలీ అయ్యే బ్యాంకు ఉద్యోగులు, ఓఎన్‌జీసీ సిబ్బంది, ఉపాధ్యాయులు, పిల్లల చదువు కోసం పల్లె నుంచి వచ్చి రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో కాపురం పెట్టినవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. హైదరాబాద్, బెంగళూరుల్లో మంచాలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు నెలవారీ అద్దెకు దొరుకుతున్నాయి కనుక గీజరు ఎందుకు దొరకకూడదన్న ఆలోచన సహజం. మన డెల్టా పట్టణాల్లో మాత్రం గీజరును నెల అద్దెకిచ్చే వ్యాపారం వేళ్ళూనుకోలేదు. ఎందుకు వేళ్ళూనుకోలేదో తెలిస్తే, ఎవరు కొనాలో ఎవరు కొననక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది.

పాతరోజుల్లో ఈ ప్రాంతంలో వేణ్ణీళ్ళకు పరికరం ఖర్చంటూ పెద్దగా లేదు. దొడ్లో మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద మసిబారిన కాగు. కోనసీమలో అయితే కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు తోటలోంచే వచ్చేవి. మెట్టకు దగ్గర ఊళ్ళలో పుల్లలు, రైసుమిల్లు ఉన్న ఊళ్ళలో ఊక. కొంచెం ఉన్నవాళ్ళ ఇళ్ళలో రాగి బాయిలరు ఉండేది. మధ్యలో గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు, పక్కన ఇత్తడి కుళాయి. నీరు చుట్టూ ఉండడం వల్ల మంట వేడి చాలావరకు నీటికే అందేది. పచ్చి బాలింతకు పొద్దున్నే గుండిగెడు నీళ్ళు, భోగినాడు పిల్లలకు తలంటు, పెళ్ళివారి విడిదిలో వందమందికి స్నానాలు: అవసరం ఒక్కసారిగా పెరిగే రోజులివి. అలాంటి రోజులకు ఊళ్ళో సప్లయర్స్ వాళ్ళ దగ్గర షామియానాతో పాటు కాగులు, గుండిగలు, డేగిశాలు రోజు కిరాయికి తెచ్చుకోవడం డెల్టాకు కొత్త కాదు. అంటే వేణ్ణీళ్ళకు కిరాయి కట్టడం మనకు అలవాటైన పనే. అది రోజుకు ఇంతని కట్టి, పని అవ్వగానే తోమి తిరిగి ఇచ్చేసే కిరాయి. వస్తువు గోడకు బిగించేది కాదు, పాడయ్యేదీ కాదు. గీజరు ఈ రెండు గుణాలకూ విరుద్ధం. గోడకు నాలుగు చిల్లులు పెట్టి, పైపులు కలిపి, వైరు లాగితే తప్ప పనిచేయదు. వాడినా వాడకపోయినా లోపల తుప్పు తినేస్తూనే ఉంటుంది.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళు కావాలి. ఒక కరెంటు యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్ళు. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరికి 20 లీటర్ల చొప్పున 80 లీటర్లు, 24 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే యూనిటున్నర పడుతుంది. ట్యాంకు గోడల్లోంచి పోయే వేడినీ, పైపులో చల్లారే నీటినీ కలుపుకుంటే రోజుకు ఒకటి ముప్పావు అనుకోవచ్చు. నెలకు సుమారు 50 యూనిట్లు, నాలుగు నెలల చలికాలానికి 200. డెల్టా జిల్లాలకు కరెంటిచ్చే ఏపీఈపీడీసీఎల్ గృహ టారిఫ్ శ్లాబుల వారీగా ఉంటుంది. 2022 నుంచి ఉన్న ధరల్లో 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్‌కు 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. సర్దుబాటు ఛార్జీలు వేరు. ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. గీజరు వాడే నెలల్లో ఏసీ ఆగిపోతుంది, ఫ్యాన్ కూడా ఒకటో రెండో తిరుగుతుంది. మే నెలలో 8.75 శ్లాబులో ఉండే ఇల్లు డిసెంబరులో 4.50, 6 రూపాయల శ్లాబుల్లోకి దిగుతుంది. కనుక గీజరు తాలూకు 50 యూనిట్లకు నెలకు 250 నుంచి 300 రూపాయలు దాటకపోవచ్చు. గీజరు పెడితే కరెంటు బిల్లు గుండె గుభేలుమంటుందని భయపడేవాళ్ళకు ఈ లెక్క చెప్పాలి. పొద్దున స్విచ్ వేసి రాత్రి దాకా మరిచిపోయే ఇళ్ళలో మాత్రం ఆ భయం నిజమవుతుంది. పదిహేను లీటర్ల గీజరు రెండు కిలోవాట్ల ఎలిమెంటుతో 25 డిగ్రీల నీటిని 60కి తేవడానికి ఇరవై నిమిషాలు చాలు. స్నానానికి అంతకంటే ముందు వేయడం దండగ.

గ్యాసుతో కాచుకుంటే? గ్యాస్ గీజరు సామర్థ్యం 80 శాతం అనుకుంటే అదే 80 లీటర్లకు నెలకు నాలుగున్నర కిలోల గ్యాసు పోతుంది. 14.2 కిలోల సిలిండర్లో దాదాపు మూడో వంతు. సిలిండరు తొమ్మిది వందల రూపాయలకు అటూఇటూగా ఉంటే ఇదీ మూడు వందలకు దగ్గరే. వంటపొయ్యి మీద గిన్నెలో కాచితే ఇంకో కిలోన్నర దాకా ఎక్కువ. రాష్ట్రంలో 2024 దీపావళి నుంచి దీపం-2 పథకం కింద అర్హులైన ఇళ్ళకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి కనుక, ఆ ఇళ్ళలో ఉన్న పొయ్యి మీదే కాచుకోవడం అర్థం చేసుకోదగిందే. గ్యాస్ గీజరును మాత్రం తలుపు, కిటికీ బిగించిన బాత్రూములో పెట్టవద్దు. గాలి చాలక సరిగా మండని గ్యాసు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. స్నానానికి వెళ్ళినవాళ్ళు లోపలే కూలిపోయిన ఘటనలు దేశమంతటా జరిగాయి. పెట్టాల్సిందే అయితే బయట వరండా గోడకు పెట్టి, వేడినీటి గొట్టం లోపలికి లాక్కోవాలి.

కరెంటైనా గ్యాసైనా ఇంధనం ఖర్చు దాదాపు ఒకటే కనుక, అసలు తేడా పరికరం దగ్గర వస్తుంది. పరికరం ఆయుష్షును డెల్టాలో నిర్ణయించేది కంపెనీ పేరు కాదు, ఆ ఇంటికొచ్చే నీరు. ఈ సంగతి మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే షాపులో చెప్పేవాళ్ళు తక్కువ.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ఊళ్ళకు కాలువ నీరే ప్రాణాధారమైంది. ఆ నీరు సాధారణంగా తేలికది. రాజమహేంద్రవరంలో మునిసిపల్ కుళాయి ద్వారా వచ్చేదీ గోదావరి నీరే. ఇలాంటి నీటితో నడిచే గీజరు ట్యాంకు పదేళ్ళు పనిచేయడంలో వింత లేదు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ కథ మారిపోతుంది. నరసాపురం, మొగల్తూరు, సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. భీమవరం, ఉండి, కాళ్ళ, ఆకివీడు చుట్టూ రొయ్యల చెరువులు, చేపల చెరువులు పరుచుకున్నాక భూగర్భజలం ఉప్పదనం ఇంకా పెద్ద సమస్య అయింది. తాగడానికి ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల డబ్బా తెచ్చుకుంటారు. స్నానానికి, బట్టలకు బోరు నీరే. గీజరులోకి వెళ్ళేదీ ఆ నీరే.

ఉప్పునీరు గీజరును రెండు విధాలుగా చంపుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి తెల్లటి పెచ్చులుగా మారి ఎలిమెంటు చుట్టూ పేరుకుంటాయి. అప్పుడు వేడి నీటికి అందదు. ఎలిమెంటు తన వేడికి తానే మాడిపోతుంది. ఈలోగా క్లోరైడ్లు ట్యాంకు లోపలి పూతలో సన్నని పగులు దొరికితే చాలు, ఇనుమును తొలిచేస్తాయి. దీనికి విరుగుడుగా ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడదీస్తారు. ఇనుముకు బదులు అది కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. తీపి నీటిలో ఏళ్ళ తరబడి మిగిలే ఆ కడ్డీ ఉప్పునీటిలో ఎంతో ముందే కరిగిపోతుంది. కరిగిందని చూసి మార్చేవాళ్ళు ఎంతమంది? ట్యాంకుకు అయిదేళ్ళు, ఏడేళ్ళు అని రాసిన వారంటీ కార్డును వెనక్కి తిప్పితే, కఠిన జలం వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదనే వాక్యం చాలా వాటిలో కనిపిస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా. తీరగ్రామాల్లో ఆ పైహద్దును కూడా దాటే బోర్లున్నాయి. అలాంటి ఇంట్లో పదిహేను లీటర్ల గీజరు నాలుగేళ్ళు నిలబడితే గొప్పే.

ఇప్పుడు రెండు ఇళ్ళ లెక్క పక్కపక్కన పెట్టండి. ఇవి నేను వేసుకున్న ఉజ్జాయింపులు, మీ ఊరి ధరలతో మార్చుకోవచ్చు. మంచి స్టార్ రేటింగ్ ఉన్న గీజరు తొమ్మిది వేలు, పైపులు, వాల్వు, ఎంసీబీ, బిగింపు పదిహేను వందలు. గోదావరి నీరున్న ఇంట్లో పదేళ్ళు వస్తే ఏడాదికి వెయ్యిన్నీ యాభై. ఉప్పుబోరున్న ఇంట్లో నాలుగేళ్ళు వచ్చి, మధ్యలో ఏటా పెచ్చులు తీయించడానికీ ఎలిమెంటు మార్చడానికీ ఏడువందలు పోతే ఏడాదికి 3,300. ఎవరైనా నెలకు 250 రూపాయల అద్దెకు, మరమ్మతులు తనవే అని గీజరు ఇస్తే ఏడాదికి మూడు వేలు. మొదటి ఇంటికి ఆ అద్దె కొనుగోలుకు దాదాపు మూడింతలు. రెండో ఇంటికి అద్దే కొంచెం చవక. చలి నాలుగు నెలలకే అద్దె తీసుకుంటానంటే వెయ్యి రూపాయలు, ఇక ఆలోచించనక్కర్లేదు.

అయితే అలా ఇచ్చేదెవరు? ఉప్పునీటి ఊళ్ళో తన గీజరు నాలుగేళ్ళకే పోతుందని అద్దెకిచ్చేవాడికి మనకంటే బాగా తెలుసు. 250కి ఇవ్వడు. నాలుగు నెలలకు ఇచ్చి ఎనిమిది నెలలు గోదాములో పెట్టుకోవాలంటే, ప్రతి నవంబరులో బిగించే కూలీ, ప్రతి మార్చిలో విప్పే కూలీ కలిపితేనే అతనికి వచ్చే అద్దె సగం ఎగిరిపోతుంది. డిసెంబరులో ఊరందరికీ ఒకేసారి కావాలి, జూన్‌లో ఎవరికీ అక్కర్లేదు. పెళ్ళి కాగు మాఘంలో ఓ ఇంటికి, వైశాఖంలో ఇంకో ఇంటికి తిరుగుతుంది కనుక దానికి కిరాయి గిట్టుతుంది. గీజరుకు ఆ తిరుగుడు లేదు. గీజరు అద్దె వ్యాపారం డెల్టాలో పుట్టకపోవడానికి కారణం ఇదే. పుట్టినా అద్దె ఎంత ఉంటుందో తలుచుకుంటే కొనుక్కోవడమే నయమనిపిస్తుంది.

అద్దె గీజర్లు ఎలా ఉంటాయో చూడాలంటే కెనడా వెళ్ళిన మనవాళ్ళను అడగాలి. బ్రాంప్టన్, మిసిసాగాల్లో ఇళ్ళు కొన్న తెలుగు కుటుంబాలకు ఇంటితో పాటే అద్దె వాటర్ హీటర్ ఒప్పందమూ చేతికి రావడం మామూలు. ఒంటారియో రాష్ట్రంలో పెద్ద గ్యాస్ హీటర్లను నెల అద్దెకు తీసుకోవడం దశాబ్దాలుగా ఉన్న ఆచారం. అక్కడ అది పుట్టడానికి కారణాలున్నాయి. గడ్డకట్టే చలిలో వేడినీరు ఒక్కరోజు లేకపోయినా ఇల్లు నడవదు. పరికరం ఖరీదెక్కువ, పాడైతే అర్ధరాత్రి అయినా మెకానిక్ రావాలి. కానీ ఆ ఒప్పందాలు ఎంత దూరం పోయాయో కూడా చూడాలి. వినియోగదారుడు పాత హీటరు తిరిగిచ్చి వేరే కంపెనీకి మారకుండా అడ్డంకులు పెట్టారన్న ఆరోపణల మీద కెనడా కాంపిటిషన్ బ్యూరో రెండు ప్రధాన అద్దె కంపెనీల మీద చర్యకు దిగింది. 2014లో ఒక కంపెనీ 50 లక్షల డాలర్లు, 2015లో రెండోది 10 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఇంటింటికీ తిరిగి హీటర్ల ఒప్పందాలు అంటగట్టడాన్ని ఒంటారియో ప్రభుత్వం 2018 మార్చి 1 నుంచి నిషేధించింది. అద్దె పరికరం పేరుతో ఇంటి దస్తావేజు మీద హక్కు నమోదు చేసి, ఇల్లు అమ్మేటప్పుడు భారీ మొత్తాలు గుంజే పద్ధతిని 2024 జూన్‌లో చట్టం తెచ్చి రద్దు చేయాల్సి వచ్చింది. నెలకు కొద్దిగానే అనిపించే అద్దె, వదిలించుకునే నిబంధన సరిగా చూడకపోతే పదేళ్ళకు పరికరం ధరకు ఎన్నో రెట్లవుతుందన్నది అక్కడి అనుభవం.

మన దగ్గర గీజరుకు అద్దె లేదనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. అది ఇంటద్దెలో కలిసి ఉంటుంది. దానవాయిపేటలోనో ప్రకాశ్ నగర్‌లోనో రెండు గదుల వాటా చూడడానికి వెళ్తే, ఒక ఇంట్లో గీజరు బిగించి ఉంటుంది, మరో ఇంట్లో గీజరు పాయింటు మాత్రమే ఉంటుంది. మొదటి ఇంటికి అయిదువందలు ఎక్కువ అడిగితే అందులో గీజరు కిరాయీ ఉన్నట్టే లెక్క. ఇది డెల్టాలో నిజంగా నడుస్తున్న అద్దె పద్ధతి, నా దృష్టిలో ఉన్నవాటిలో మెరుగైనది కూడా. ఇల్లుగలాయనకు గోడ తనది, పైపులు తనవి, తన నీరు ఎలాంటిదో తెలుసు. అద్దెకున్నవాళ్ళు మారినా గీజరు మారదు. ఏటా ఒకసారి టైల్స్‌కు చిల్లులు పడవు.

చిక్కు మరమ్మతు దగ్గర వస్తుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఎవరు ఏ మరమ్మతు చేయించాలో ఒక పట్టిక ఉంది. అందులో గీజరు మరమ్మతును అద్దెదారు వంతులో చేర్చారు, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. రాజమహేంద్రవరంలో అది పెద్ద భారం కాదు. భీమవరంలో ఉప్పుబోరున్న ఇంట్లో చేరి, ముందున్నవాళ్ళు మూడేళ్ళు వాడిన గీజరుకు ఎలిమెంటు మార్చే పని మీద పడితే అది న్యాయం కాదు. పదకొండు నెలల ఒప్పందంలో ఇంటి రంగుల దగ్గర్నుంచి నీటి మోటారు దాకా రాస్తారు, గీజరు గురించి ఒక్క ముక్క రాయరు. ఎలిమెంటు, ట్యాంకు యజమానివి, స్విచ్చు, వాల్వు అద్దెదారువి అని ఒక్క వాక్యం చేరిస్తే సగం తగాదాలు పుట్టవు. పాయింటు మాత్రమే ఉన్న ఇంట్లో మీరే గీజరు కొని బిగించుకుంటే, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్ళే హక్కు మీకుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు తాను బిగించినవాటిని, ఇంటిని ముందున్న స్థితికి తెచ్చి, స్వాధీనం అప్పగించే లోపల విప్పుకోవచ్చు. తాళాలిచ్చేశాక వెళ్ళి అడిగితే ఆ హక్కు ఉండదు. ఇది తెలియక గీజరు వదిలేసి పోయినవాళ్ళున్నారు, అడ్వాన్సులో కోత పెట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఏడాది, రెండేళ్ళు మాత్రమే ఉండబోయేవాళ్ళు బకెట్టులో ముంచి నీళ్ళు కాచుకునే కరెంటు కడ్డీ (ఇమ్మర్షన్ రాడ్) వైపు చూస్తారు. అయిదారు వందల్లో వస్తుంది, అదే యూనిట్‌కు అంతే వేడి ఇస్తుంది, సామర్థ్యంలో గీజరుకు ఏమాత్రం తీసిపోదు. పెచ్చు కట్టినా నిమ్మరసంలో నానబెట్టి గీకేయవచ్చు. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే దాన్ని మించింది లేదు. కానీ దాని వల్ల పోయిన ప్రాణాలకు లెక్క లేదు. తడి నేల, ఇనుప బకెట్టు, ఎర్త్ లేని ప్లగ్గు, నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూసే అలవాటు. పిల్లలు తిరిగే ఇంట్లో నేను దీన్ని సిఫారసు చేయలేను. తప్పనిసరైతే ఐఎస్ఐ గుర్తున్నది కొని, ప్లాస్టిక్ బకెట్టు వాడి, ప్లగ్గు పీకేశాకే నీళ్ళు ముట్టుకోవాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీని ఇంటి మెయిన్ దగ్గర పెట్టించడం గీజరున్న ఇంటికైనా కడ్డీ ఉన్న ఇంటికైనా అవసరమే. దానికయ్యే రెండు మూడు వేలు ఈ వ్యాసంలోని ఏ ఖర్చుకంటేనూ ముఖ్యమైనవి.

ఉప్పునీటి ఊళ్ళకు నా సలహా వేరు. అక్కడ పెద్ద ట్యాంకు గీజరు మీద డబ్బు పెట్టొద్దు. మూడు లీటర్ల ఇన్‌స్టెంట్ గీజరు మూడు, నాలుగు వేలల్లో వస్తుంది. నీరు తక్కువ నిలుస్తుంది, విప్పి శుభ్రం చేయడం తేలిక, పోయినా నష్టం తక్కువ. దానికి 3 కిలోవాట్ల కరెంటు, అంటే 13 ఆంపియర్లు కావాలి కనుక పాత ఇంటి సన్నని వైరింగు మీద పెట్టకూడదు, 16 ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తింగు ఉండాలి. తోట ఉన్న ఇళ్ళలో రాగి బాయిలరుకు మించినది ఇప్పటికీ లేదు. కోనసీమలో డొక్కలకు, చిప్పలకు కొరత లేదు. రాగి ఉప్పుకు ఇనుమంత త్వరగా లొంగదు. పొగ మాత్రం ఇంట్లోకి రాకుండా దొడ్లోనే పెట్టుకోవాలి.

సూర్యరశ్మి సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. సౌర నీటి హీటర్లను మన రాష్ట్రంలో ప్రచారం చేసింది 1986లో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నెడ్‌క్యాప్. 2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ కింద వీటికి కేంద్ర సబ్సిడీ కూడా వచ్చింది, 2014లో అది ఆగిపోయింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీని 12 శాతం నుంచి 5కు తగ్గించారు. అయినా వంద లీటర్ల సౌర హీటరుకు ఇరవై వేలు తప్పవు. డెల్టాలో మామూలు ఇంటికి నాలుగు నెలల వాడకంతో అది తిరిగి రావడం కష్టం. నవంబరులో వేణ్ణీళ్ళు కావాల్సిన వేళకే తుపానులు, మబ్బులు పడతాయి. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమవాళ్ళకు మేడ మీద గాజు గొట్టాలు పెట్టడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పైన కొబ్బరిచెట్ల నీడ, పడే కాయల దెబ్బ ఉండనే ఉన్నాయి. ఉప్పునీరైతే ఆ గొట్టాల్లోనూ పెచ్చు కడుతుంది. హీట్ ఎక్స్‌చేంజర్ ఉన్న రకం తీసుకోవాలి, దాని ధర ఇంకా ఎక్కువ.

సౌర హీటరు గిట్టేది వేరే చోట. అన్నవరం, ద్వారకాతిరుమల, అంతర్వేది సత్రాల్లో, భీమవరం, సూరంపాలెం, రాజానగరం కాలేజీ హాస్టళ్ళలో, రాజమహేంద్రవరం ఆస్పత్రుల్లో ఏడాదంతా రోజూ వేలాది లీటర్ల వేడినీరు కావాలి. పెట్టుబడి లక్షల్లో, వాడకం రోజూ, నిర్వహణకు పనితనం కావాలి. అద్దె పద్ధతి సరిగ్గా కుదిరేది ఇలాంటి చోటే. ఒక సంస్థ తన ఖర్చుతో బిగించి, నిర్వహించి, ఆదా అయిన కరెంటులోంచి డబ్బు తీసుకుంటే సత్రానికి పెట్టుబడి భారం ఉండదు. ఈ పద్ధతి మనకు తెలియనిది కాదు. తూర్పుగోదావరి జిల్లా రాజానగరం మండలంలో రైతుల పాత వ్యవసాయ మోటార్లను తీసి, తక్కువ కరెంటు తాగే మోటార్లను ఇంధన ఆదా కోసం పనిచేసే ఈఈఎస్ఎల్ సంస్థ తన పెట్టుబడితో బిగించింది. రైతు ఖర్చు పెట్టలేదు. మిగిలిన కరెంటు విలువలోంచి విద్యుత్ సంస్థ ఈఈఎస్ఎల్‌కు చెల్లించే ఏర్పాటు అది. పొలం మోటారుకు చేసిన పని హాస్టల్ వేణ్ణీళ్ళకు ఎందుకు చేయకూడదు? రాజానగరంలోనే కాలేజీలూ ఉన్నాయి, వాటి హాస్టళ్ళూ ఉన్నాయి.

ఇక ఇంటి విషయంలో నా తీర్పు ఇది. సొంతిల్లు, మునిసిపల్ లేదా కాలువ నీరు, ఇంట్లో పెద్దవాళ్ళో పిల్లలో ఉంటే మంచి ట్యాంకు గీజరు ఒకటి కొనేయండి, అద్దె మాట తలవకండి. కంతుల మీద కొన్నా వడ్డీ లేకుండా ఉంటేనే కొనండి. వడ్డీ లేదంటూనే ప్రాసెసింగ్ రుసుం వేస్తే అదీ వడ్డీయేనని గుర్తుంచుకోండి. అద్దె ఇంట్లో మూడేళ్ళకు తక్కువ ఉండేవాళ్ళు గీజరున్న వాటానే వెతుక్కోండి, దానికి అద్దె కాస్త ఎక్కువైనా నష్టం లేదు. ఉప్పుబోరు ఇంట్లో ఉన్నవాళ్ళు చిన్నదే కొనండి. కొన్నాక బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు దాచుకోండి. షాపువాడు తప్పించుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

ఈ చలికాలంలో షాపుకు వెళ్ళేముందు ఒక పని చేయండి. మీ బాత్రూము కుళాయి నీళ్ళు ఓ సీసాలో పట్టి, దగ్గర్లోని ఆర్వో ప్లాంటులో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూపించుకోండి. అంకె అయిదువందల లోపుంటే నచ్చిన గీజరు కొనుక్కోండి. వెయ్యి దాటితే ఆ అంకెను షాపులో చెప్పి, ఆ నీటికి వారంటీ వర్తిస్తుందని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ పెట్టె అక్కడే వదిలేసి రండి.